ఏడాదిగా ఫ్యామిలీ లింక్ వాడుతున్నాం, యాప్‌కి నాలుగు స్టార్లు, నాకు రెండే

ముందే చెప్తున్నా, ఇది టెక్నాలజీ తెలిసినవాడు రాస్తున్న రివ్యూ కాదు. నాది రాజమండ్రిలో మందుల షాపు, పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తితే రాత్రి పదింటికి దించుతాను, మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచరు, ఇంట్లో మా అమ్మ, ఏడో క్లాసు చదువుతున్న మావాడు. ఫ్యామిలీ లింక్ అంటే గూగుల్ వాళ్ళ ఉచిత యాప్. పిల్లల ఫోన్‌లో ఏ యాప్ ఎంతసేపు వాడారో మన ఫోన్‌లో చూసుకోవచ్చు, టైమ్ పెట్టచ్చు, తాళం వేయచ్చు. ప్లే స్టోర్‌లో దీని కింద రివ్యూలు ఒకసారి చదవండి, భలే ఉంటాయి, పెద్దవాళ్ళు అయిదు స్టార్లిస్తుంటే పిల్లలు వచ్చి ఒక్క స్టారు పడేసి శాపనార్థాలు పెట్టి పోతుంటారు. ఆ ఒక్క స్టార్లు చూశాకే నాకు ఇది పనిచేస్తుందని నమ్మకం కుదిరింది.

మా కథ 2020లో మొదలైంది. స్కూళ్ళు మూసేసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు వాడికి ఏడేళ్ళు. ఇంట్లో పడున్న పాత ఫోన్ చేతికిచ్చాం. క్లాసు నలభై నిమిషాలు, ఫోన్ మాత్రం రోజంతా వాడి దగ్గరే. నిజం చెప్పాలంటే అప్పట్లో మాకది హాయిగానే ఉండేది, లాక్‌డౌన్‌లో మందుల షాపు మూయడానికి లేదు కదా, నేను బయట, మా ఆవిడ ఇంకో గదిలో తన క్లాసులు చెప్పుకుంటూ, అన్నం తినిపించడానికి మా అమ్మకి ఆ ఫోనే చందమామ. పరుగెత్తే ఆటలు, బుడగలు పగలగొట్టే ఆటలు, అలా నాలుగేళ్ళు గడిచాయి. 2024 వేసవి సెలవులకి మా తమ్ముడి కొడుకు వచ్చి తుపాకుల ఆట నేర్పించి వెళ్ళాడు. పేరెందుకులెండి, వీధిలో ప్రతి పిల్లాడూ ఆడేదే. చేరేటప్పుడు పుట్టిన సంవత్సరం అడిగితే మావాడు 1995 అని పెట్టాడట. అంటే ఆ ఆట లెక్కలో వాడు నాకంటే కాస్త చిన్నవాడు.

ఆటల్లో వయసు నియమాలు అసలు లేవని కాదు. 2023 మేలో బీజీఎంఐ, అంటే మన దేశం కోసం తెచ్చిన పబ్జీ ఆట, మళ్ళీ తెరుచుకున్నప్పుడు పద్దెనిమిది లోపువాళ్ళకి రోజుకి మూడు గంటలే అని గీత గీశారు, పెద్దవాళ్ళకి ఆరు గంటలు. చైనాలో అయితే 2021 నుంచి పిల్లలకి శుక్ర, శని, ఆదివారాల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, సెలవు రోజులు కలుపుకుని, ఒక్క గంటే. అక్కడ అసలు పేరు, గుర్తింపు కార్డు లేకుండా ఆటలోకి వెళ్ళలేరు. మన దగ్గర 1995 అని కొడితే తలుపు తెరుచుకుంటుంది. ఇక మూడు గంటలన్న గీత కూడా, స్కూలుకెళ్ళే పిల్లాడికి రోజుకి మూడు గంటలంటే ఇంకేం మిగిలింది చెప్పండి.

ఆరో క్లాసు సగంలోకి వచ్చేసరికి సాయంత్రం సైకిలు బయటికి తీయడం మానేశాడు. ఆదివారం నాతో పుష్కర్ ఘాట్‌కి రమ్మంటే తలనొప్పి అనేవాడు. లెక్కల్లో ఎప్పుడూ డెబ్బై పైన వచ్చేవాడికి ముప్ఫై ఎనిమిది. అదీ మేం సర్దిచెప్పుకున్నాం, ఆరో క్లాసు సిలబస్ కష్టం, టీచరు మారారు అని. దీపావళి ముందు షాపు లెక్కలు చూసుకుంటుంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 80, 80, 240, 400, మళ్ళీ 80, ఇలా నేనెక్కడా కట్టని డబ్బులు కనిపించాయి. కూడితే 3,860 రూపాయలు. నేను స్నానానికి వెళ్ళినప్పుడల్లా నా ఫోన్‌లోంచి యూపీఐ చేసి ఆటలో బట్టలు, తుపాకీ రంగులు కొనుక్కున్నాడు. పిన్ ఎలా తెలిసిందిరా అంటే, "మీరు రోజూ నా ముందే కదా డాడీ కొడతారు" అన్నాడు. ఆరోజు వాడి మీద చెయ్యి చేసుకున్నాను. వీపు మీద నా వేళ్ళ అచ్చులు చూసి మా అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

నిరుడు ఆగస్టులో ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం చట్టం తెచ్చిందిగా, ఈ కొనుగోళ్ళు కూడా ఆగిపోతాయని కొంతమంది అనుకుంటున్నారు. 2025లో వచ్చిన ఆ చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల మీద. పిల్లాడు ఆటలో చొక్కా కొనుక్కోవడం దాని కిందికి రాదు. ఆ పిన్ దాచుకోవాల్సింది మనమే.

తర్వాత ఏం చేశామంటే, అందరూ చేసేదే, ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టాం. ఒకరోజు అన్నం తినలేదు, రిమోట్ గోడకేసి కొట్టాడు, మూడో రోజు ట్యూషన్ ఎగ్గొట్టి స్నేహితుడింట్లో ఆడుతూ దొరికాడు. ఆ వారంలోనే షాపుకొచ్చే ఒకాయన చెబితే ఏడాదికి పదిహేను వందలు కట్టి వేరే యాప్ ఒకటి వేశాను. పిల్లాడి మెసేజ్‌లన్నీ మనకి చూపిస్తానంది, ఫోన్ మాత్రం నత్తలా తయారైంది, నాలుగో రోజున మావాడే దాన్ని తీసిపారేశాడు. డబ్బులు వెనక్కివ్వమని మెయిల్ పెడితే ఇప్పటిదాకా జవాబు లేదు. దాని సంగతి వదిలేయండి.

ఫ్యామిలీ లింక్ పెట్టుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది, అందులో గంటన్నర నా తప్పు వల్లే. మొదట్లో వాడికి ఫోన్ ఇచ్చినప్పుడు నా జీమెయిల్‌తోనే ఇచ్చేశాను. ఈ యాప్‌కి పిల్లాడి పేరు మీద, అసలు పుట్టినతేదీతో, విడిగా గూగుల్ అకౌంట్ ఉండాలి, దాన్ని మన అకౌంట్‌కి కలపాలి. సరే, ఫోన్ మొత్తం తుడిచేసి కొత్తగా మొదలుపెడదాం అనుకున్నా. అప్పుడు ఏడ్చాడండీ, నేను కొట్టినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆటలో వాడి ఐడీ నా జీమెయిల్‌తో కట్టి ఉందట, కొత్త అకౌంట్ అంటే మళ్ళీ సున్నా నుంచి, ర్యాంకు, బట్టలు, స్నేహితుల లిస్టు అన్నీ పోతాయట. నాకు నవ్వొచ్చింది, పోతే పోయింది పీడా పోయింది అన్నాను కూడా. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, నా చిన్నప్పుడు ధవళేశ్వరంలో ఇల్లు మారేటప్పుడు మా నాన్న నా గోళీల డబ్బా పాత సామాన్లవాడికి వేసేస్తే నేను ఎన్ని రోజులు ఆ వీధి చుట్టూ తిరిగానో. మీరు కొత్తగా పిల్లలకి ఫోన్ ఇవ్వబోతుంటే మొదటి రోజే పిల్లల అకౌంట్‌తో ఇవ్వండి, ఈ గొడవే ఉండదు.

పెట్టాక పని తేలికే. ఏ రోజుకి ఎంతసేపో విడివిడిగా పెట్టచ్చు, బడి రోజులకి తక్కువ, ఆదివారం ఎక్కువ. ఒక్కో యాప్‌కి వేరే పరిమితి పెట్టచ్చు. మేం ఆటకి పెట్టాం, పాఠాల యాప్‌కి పెట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఆరు దాకా ఫోన్ దానంతటదే పడుకుంటుంది. తాళం పడినా ఫోన్ వస్తే ఎత్తచ్చు, మా ఆవిడ మొదట భయపడింది దానికే. కొత్త యాప్ ఏది వేయాలన్నా నా ఫోన్‌కి అనుమతి అడుగుతూ కబురొస్తుంది. ప్లే స్టోర్ ద్వారా చేసే కొనుగోళ్ళకి కూడా అంతే, మనం ఊ అంటేనే. బయట సైట్లలో యూపీఐతో కొనేది మాత్రం దీని చేతిలో ఉండదు, అందుకే నా పిన్ మార్చాను, ఇప్పుడు వాడి వైపు వీపు పెట్టి కొడుతున్నాను, కొట్టేటప్పుడల్లా నాకే దొంగలా అనిపిస్తుంది.

మొదటి వారం రిపోర్టులో ఆదివారం ఒక్కరోజే 5 గంటల 20 నిమిషాలు. నాకు కడుపులో తిప్పింది. ఆ కోపంలో వాడికి చూపించాలని కూర్చోబెడితే, వాడు నా ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నాది చూపించాడు. 4 గంటల 50. షాపులో ఖాళీ ఉన్నప్పుడు రీల్స్ చూస్తాను, అది ఇంతవుతుందని అనుకోలేదు. ఇంకేం మాట్లాడను.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను, ఈ యాప్ వాడేవాళ్ళందరికీ ఎదురయ్యేది ఇదే అనుకుంటా. మేం ఆటకి రోజుకి నలభై అయిదు నిమిషాలు పెట్టాం. నలభై అయిదో నిమిషానికి తాళం పడుతుంది. ముందు హెచ్చరిక వస్తుంది కానీ ఆడేటప్పుడు ఎవడు చూస్తాడు. తాళం పడగానే ఇల్లు పీకి పందిరేసేవాడు, తలుపులు దబదబా, పుస్తకాలు కిందకి. చూశావా, ఇదే వ్యసనం అంటే అని నేను, నువ్వు గారం చేసే ఇలా తయారయ్యాడని మా ఆవిడ, మా ఇద్దరికీ ఇంకో గొడవ. ఇలా పది రోజులు. ఒక ఆదివారం షాపు మధ్యాహ్నం మూసి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను, ఊరికే చూద్దామని. నలుగురు ఒక జట్టు. యాభైమంది దిగుతారు, చుట్టూ వలయం కుంచించుకుపోతూ ఉంటుంది, చివరికి మిగిలిన జట్టు గెలుస్తుంది. ఒక్కో ఆట పది నుంచి పదిహేను నిమిషాలు. చివరి వలయంలో వీడి జట్టులో ముగ్గురే మిగిలి, ఇంకో ఇద్దరిని కొడితే గెలుస్తారు అన్నప్పుడు టప్పున తాళం. మైకులో అవతలి పిల్లలు వీణ్ణి తిట్టిన తిట్లు విన్నాను. మర్నాడు స్కూల్లో కూడా, నీతో ఆడితే మధ్యలో పోతావు, నిన్ను చేర్చుకోం అన్నారట. క్రికెట్ ఆఖరి ఓవర్లో ఆరు బంతుల్లో ఎనిమిది కావాల్సి ఉండగా టీవీ తీగ పీకితే నేనేం చేస్తాను? తలుపులే కొడతాను.

ఆరోజు నుంచి మా ఇంట్లో నిమిషాల లెక్క పోయి ఆటల లెక్క వచ్చింది. బడి రోజు మూడు ఆటలు, ఆదివారం ఆరు. యాప్‌లో దానికి పది నిమిషాలు ఎక్కువే పెట్టాం, మూడోది అయిపోగానే వాడే ఆపాలి, నాలుగోది మొదలెడితే మధ్యలో తాళం పడుతుంది, అది వాడి ఖర్మ. మొదటి వారం రెండుసార్లు నాలుగోది మొదలెట్టాడు, రెండుసార్లూ మధ్యలో పడింది, ఎవరినీ ఏమనలేదు. ఈ యాప్ విలువ నాకు అక్కడ తెలిసింది, తాళం వేసేది నేను కాదు. ఇదివరకు ఫోన్ లాక్కునే చెయ్యి నాది, కాబట్టి కోపం నా మీద. ఇప్పుడు వాడు గోడ గడియారం మీద ఎంత కోప్పడతాడో దీని మీదా అంతే.

నేను కూడా ఒకటి ఆడాను, వాడి బలవంతం మీద. రెండు నిమిషాలు కాకముందే చచ్చాను, ఎవడు కొట్టాడో కూడా తెలీదు. ఇంట్లో అందరూ నవ్వారు, మా అమ్మతో సహా.

అమ్మ అంటే గుర్తొచ్చింది. తాళం బాగా పనిచేస్తోంది, మావాడు బుద్ధిమంతుడయ్యాడు అనుకుంటున్న రోజుల్లోనే అమ్మ ఫోన్ తెగ వేడెక్కడం మొదలైంది. చార్జింగ్ నిలవట్లేదు అని పాపం సెల్ షాపుకి పట్టుకెళ్ళి ఆరొందలు పెట్టి బ్యాటరీ మార్పించింది కూడా. తర్వాత తేలిందేమిటంటే మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసేటప్పుడు మావాడు సెలవు రోజుల్లో ఆ ఫోన్‌లో ఆడుతున్నాడు, ఆట ఐకాన్ తీసుకెళ్ళి ఎక్కడో మూడో పేజీలో దాచాడు. ఫ్యామిలీ లింక్ కలిపిన ఫోన్‌నే చూస్తుంది, ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లనీ కాదు, అది దాని తప్పేం కాదు. అడిగితే మా అమ్మ, "పసివాడు ఆడుకుంటే ఏమైందిరా, నువ్వు చిన్నప్పుడు సినిమాలకి పోయేవాడివి కాదూ" అంది. ఆవిడని మా వైపు తిప్పుకోవడానికి పట్టినంత టైమ్ యాప్ పెట్టుకోవడానికి పట్టలేదు.

నాకు రెండు స్టార్లే ఎందుకో చెప్పాలి కదా. ఇందులో బోనస్ టైమ్ అని ఒకటుంది, పిల్లాడికి ఇంకో పదిహేను నిమిషాలో అరగంటో కలపాలంటే మన ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే చాలు. షాపులో చీటీల మీద చీటీలు వస్తుంటాయి, ఒకరు షుగరు మాత్రలకి, ఒకరు చంటిపిల్ల జ్వరం సిరప్‌కి, ఆ సమయంలో మావాడు ఫోన్ చేసి "డాడీ, ప్లీజ్ డాడీ, ఒక్క పావుగంట" అంటే నొక్కేసేవాణ్ణి, వదిలితే చాలని. మా ఆవిడ ఇంట్లో వద్దు అంటుంది, నేను షాపులోంచి ఇస్తాను. వాడికి అర్థమైపోయింది. ఉదయం వాళ్ళమ్మ కాదంటే సాయంత్రం రద్దీ టైమ్ చూసి నాకు చేసేవాడు. ఆరున్నర నుంచి ఎనిమిది మధ్య. ఒక నెలలో నేనిచ్చిన బోనస్‌లు కూడితే పద్నాలుగు గంటలు, ఆ మాట ఇంట్లో బయటపడ్డ రోజు నా పరిస్థితి మీరే ఊహించుకోండి. ఇప్పుడు బోనస్ మా ఆవిడ మాత్రమే ఇస్తుంది. నా ఫోన్‌లోనూ ఆ బటన్ ఉంది, నొక్కితే సాయంత్రానికి ఆవిడకి తెలిసిపోతుంది, మావాడే చెప్పేస్తాడు, లెక్కలు అంత నిక్కచ్చిగా చూసుకుంటాడు మరి.

ఇది చూపించనిది కూడా ఒకటుంది. యాప్ ఎంతసేపు తెరిచి ఉందో చెప్తుంది కానీ లోపల ఏం జరుగుతోందో చెప్పదు. మైకులో ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏం మాట్లాడుతున్నాడు అన్నది మనం పక్కన ఉంటేనే తెలిసేది. హిందీలో మావాడికి వందకి నలభై రెండు, హిందీ తిట్లలో మాత్రం వంద. ఇప్పుడు ఆడేటప్పుడు హాల్లోనే కూర్చోవాలి, ఇయర్‌ఫోన్ లేదు, మైకు ఆన్‌లో ఉంటే మేమూ వింటాం. దానికి యాప్ అక్కర్లేదు. ఇంకో మాట, పిల్లాడి చేతిలో ఐఫోన్ ఉంటే ఇలా తాళాలు వేయడం దీనితో కుదరదు, దానికి ఆపిల్ వాళ్ళ స్క్రీన్ టైమ్ ఉంది. మన ఫోన్ ఐఫోన్ అయినా ఫర్వాలేదు, పిల్లాడిది ఆండ్రాయిడ్ అయితే చాలు.

ఇంతకీ మావాడిది వ్యసనమా? ఆ 3,860 గొడవ జరిగినప్పుడు నేను షాపుకి మందులు రాసే డాక్టరుగారిని అడిగాను. గంటలు లెక్కపెట్టకండి, ఆట కోసం ఏమేం మానేశాడో లెక్కపెట్టండి అన్నారాయన. తర్వాత నేనూ చదివాను, ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చింది, ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఎంత ఆడాలో చేతిలో లేకపోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ముందుకి రావడం, నష్టం కళ్ళకి కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు కొనసాగితే అప్పుడు అంటారట జబ్బని. ఆ లెక్కన మావాడు అంచు దాకా వెళ్ళాడు గానీ పడలేదు. మీ పిల్లాడు ఫోన్ తీసేస్తే తనకి తాను హాని చేసుకుంటానంటున్నాడా, రోజుల తరబడి నిద్ర లేదా, బడి మానేశాడా, అయితే ఏ యాపూ పెట్టుకోకండి ముందు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బుల్లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటివాళ్ళ కోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది. ఈ రివ్యూ అంతవరకూ వెళ్ళని ఇళ్ళకి.

ఏడాది తర్వాత ఆదివారం రిపోర్టు గంటా నలభై దగ్గర ఉంటోంది. సైకిల్ తీస్తున్నాడు, రోజూ కాదు. లెక్కలు అరవై రెండు, డెబ్బై దాటలేదు. వేసవి సెలవుల్లో మళ్ళీ మా తమ్ముడి కొడుకు వచ్చాడు, వాడి ఫోన్‌కి తాళం లేదు, ఆ పదిహేను రోజులు మా రూల్స్ అన్నీ గోదాట్లో కలిశాయి. తర్వాత తిరిగి దారిలో పెట్టడానికి నెల పట్టింది. మా తమ్ముడికి ఈ యాప్ వేసి ఇస్తానన్నాను, "మావాడు అలాంటివాడు కాదులే అన్నయ్యా" అన్నాడు. నేనూ ఈ మాటే అన్నాను, లెక్కల్లో ముప్ఫై ఎనిమిది వచ్చినప్పుడు.

అయిదులో నాలుగు. డబ్బులు అడగదు, చెప్పింది చేస్తుంది. అయిదోది ఆ బోనస్ బటన్‌కి తీసేశాను, నాలాంటివాళ్ళకి అంత సులువుగా ఉండకూడదు. పెట్టుకునేవాళ్ళు ఒక పని చేయండి, సెట్టింగ్స్ ముట్టుకునే ముందు పిల్లాడి ఆట ఒకటి మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూసి, అది ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకోండి. నలభై అయిదు అని నేను ఎక్కడినుంచి తెచ్చానో నాకు ఇప్పటికీ తెలీదు.